కోట టీం ముంత

"ఈసారి రాయి పడితే నేను ఒప్పుకోను," అన్నాడు శశికుమార్. "జయరాముడు హైదరాబాదుకు పోవాల్సిందే."

"పడితే పోడు," అన్నాడు చెన్నప్ప. "ఇరవై ఏండ్ల నుంచి అదే రూలు."

గుత్తి కోట కింది మైదానంలో, సెంటర్ లైన్ మీద పది మంది ఆటగాళ్ళు, పక్కన జయరాముడు కూర్చున్నారు. 2007 జూన్. హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి జయరాముడిని ఆడడానికి రమ్మంది. పంపడానికి అభ్యంతరం లేదని కోట టీం నుంచి ఎన్‌ఓసీ కాగితం పోతేనే చేర్చుకుంటారు. గడువు ఆ సాయంత్రంతో అయిపోతుంది. శశికుమార్ టీముకు కోచ్. చెన్నప్ప సెక్రటరీ. కాగితం మీద సంతకం చెన్నప్పదే. పెట్టాలా వద్దా అన్నది మాత్రం ముంత చెప్పాలి.

"ముంత తీసి పారేద్దాం," అన్నాడు శశికుమార్. "కోచ్ నేను. ఎవరు పోవాల, ఎవరు ఉండాల, దుడ్లు దేనికి ఖర్చు పెట్టాల, అంతా నేను చెప్తా."

"ఒక మనిషి చేతికిచ్చి చూసినాం కదప్పా. ఏమైంది?"

ఏమైందో అందరికీ తెలుసు. మొదటి ప్రెసిడెంటు ఇద్దరు ఫార్వర్డ్లను బళ్ళారి టీముకు ఇచ్చి, వచ్చిన డబ్బుతో మోటార్ సైకిల్ కొన్నాడు. ముంత అప్పుడు వచ్చింది. ఆటగాడిని పంపాలన్నా, కొత్త బంతి కొనాలన్నా ముంతనే అడగాలి. పోయే ఆటగాడికి ఓటు లేదు. మిగిలిన పది మంది, సెక్రటరీ కలిసి పదకొండు ఓట్లు. ఒక్కొక్కరికి ఒక వేరుశనగ కాయ, ఒక రాయి ఇస్తారు. సరే అనేవాడు కాయ వేస్తాడు, కాదనేవాడు రాయి వేస్తాడు. ఒక్క రాయి పడినా పని ఆగిపోతుంది. చప్పుడు తెలియకుండా ముంత అడుగున పాత జెర్సీ గుడ్డ పెడతారు.

ముంత మారెమ్మది. టీము జెర్సీలు ఉతికేది ఆమె. శశికుమార్ తల్లి. మొదటి నుంచీ ముంతను తెచ్చేదీ, చంకన పెట్టుకుని ఒక్కొక్కరి ముందుకు తీసుకుపోయేదీ ఆమే.

"బాగా తినప్పా శెనక్కాయలు," అంది చెన్నప్పతో. "నా కొడుకు నోటికాడి కూడు తీసి తిన్నోనివి."

ఆటగాళ్ళు నవ్వారు. తొమ్మిదేళ్ళుగా వింటున్న మాటే. చెన్నప్ప ఒళ్ళో తుండుగుడ్డ సర్దుకున్నాడు.

1998లో శశికుమార్‌కు పందొమ్మిదేళ్ళు. ఎడమ కాలితో కార్నర్ కొడితే బంతి నేరుగా గోల్లోకి తిరిగేది. మైదానంలో గడ్డి అప్పుడూ లేదు, పడితే మోకాలు చిట్లేది. సుద్ద దొరకని వారం పొయ్యి బూడిదతో గీతలు గీసేవారు. ఆదివారం మ్యాచ్ ఉంటే గుంతకల్లు నుంచి ప్యాసింజర్ బండిలో జనం వచ్చేవారు. గెలిచిన రోజు చెన్నప్ప అందరికీ ఉగ్గాని, బజ్జీ తినిపించేవాడు. శశికుమార్ అతన్ని మామా అని పిలిచి రెండో ప్లేటు అడిగేవాడు.

ఆ ఏడు బెంగుళూరు ఫ్యాక్టరీ టీము వాళ్ళు వచ్చి చూశారు. ఆటతో పాటు ఉద్యోగం అన్నారు. శశికుమార్ రేకు పెట్టె కొన్నాడు. మారెమ్మ దానికి తాళం కొంది. బెంగుళూరు ఆ ఇంటికి కొత్త కాదు. అంతకు ముందు ఒక కరువులో మారెమ్మ మొగుడు మట్టి పనికని బెంగుళూరు బస్సెక్కాడు. తిరిగి రాలేదు.

అతన్ని పంపాలా వద్దా అని ఆ రోజు ఓట్లు పడ్డాక చెన్నప్ప ముంతను తుండుగుడ్డ మీద ఒంపుకున్నాడు. కాసేపు చూశాడు. ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. ఆ తర్వాత గుడ్డను అందరి ముందూ పరిచాడు.

పది కాయలు, ఒక రాయి.

రాయి తమది కాదని ఆటగాళ్ళు పది మందీ బంతి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు.

"నువ్వూ పెట్టు మామా," అన్నాడు శశికుమార్.

"నేను పెట్టనప్పా."

మామా అని పిలవడం ఆ రోజుతో సరి. మారెమ్మ వీధిలో నిలబడి దుమ్మెత్తి పోసింది. చెన్నప్ప మర్నాడు జెర్సీల మూట ఎప్పటిలాగే ఆమె గుమ్మం ముందు దించి పోయాడు.

శశికుమార్ ఇప్పుడు పగలు ఆటో తోలుతాడు, సాయంత్రం ఆట నేర్పుతాడు. ఆ రేకు పెట్టెలో టీము బంతులు ఉంటాయి.

మారెమ్మ ముంతతో ఒక చుట్టు తిరిగింది. అందరి తర్వాత చెన్నప్ప చెయ్యి పెట్టి తీశాడు. ముంతను ఒళ్ళో ఒంపుకున్నాడు. శశికుమార్ అతని వేళ్ళనే చూస్తున్నాడు. చెన్నప్ప గుడ్డను కింద పరిచాడు.

అన్నీ కాయలే.

జయరాముడు లేచి కోచ్ మెడకు చుట్టుకున్నాడు. చెన్నప్ప మోకాలి మీదే కాగితం పెట్టుకుని సంతకం చేశాడు.

"ఈసారి రాయి వేసేకి మనసు రాలేదేమో సెక్రెట్రీకి," అన్నాడు శశికుమార్, కాగితం అందుకుంటూ.

"ఫ్యాక్స్ అంగడి మూసేస్తాడు. పోప్పా," అన్నాడు చెన్నప్ప.

ఆటోలో ఎక్కినవాళ్ళు ఎక్కారు. మిగిలినవాళ్ళు వెనక పరుగెత్తారు.

మైదానంలో ఇద్దరే మిగిలారు. చెన్నప్ప కాయలన్నీ తిరిగి ముంతలో పోసి మారెమ్మకు ఇచ్చాడు.

"ఏమప్పా, ఈపొద్దు ఒక్కటీ తినలేదే?" అంది ఆమె. "ఆపొద్దు నా కొడుకు ఊపిరి బిగబట్టి చూస్తాంటే ఒలుచుకోని తింటివి."

చెన్నప్ప తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆపొద్దు ముంతలో పన్నెండు ఉండె, మారెమ్మా. ఒకటి తిని పదకొండు చేస్తి."

ఆమె ముంతను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"ఈపొద్దు నువ్వేమీ వేయలేదు కదా," అన్నాడు చెన్నప్ప.