ఉప్పుగూడలో ఆటుపోట్లు

ఆదివారం సూర్యలంక తీరంలో అల ఎంత ఎత్తు లేస్తుందో ఉప్పుగూడ ప్రేమ్‌రాజ్‌కు తెలిసినంతగా అక్కడి జాలర్లకు కూడా తెలియదు. కనీసం అతని నమ్మకం అది. అతనికి నలభై నాలుగేళ్లు. ఇంతవరకూ కళ్లారా చూసిన అతి పెద్ద నీళ్లు మీరాలం చెరువువి.

ఈ జ్ఞానానికి కారణం బాబురావు సారు. స్టేషను వెనక ప్రేమ్‌రాజ్ గుమాస్తాగా పనిచేసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసుకు ఆయన పెద్ద అధికారి. ప్రతి శనివారం సాయంత్రం గాలపు కర్ర భుజాన వేసుకుని బాపట్ల రైలెక్కుతాడు. ఆదివారం తెల్లవారుతూనే సూర్యలంకలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి అలల్లోకి గాలం విసురుతాడు. చేప పడిందా, సోమవారం ఏ కాగితం పెట్టినా చదవకుండా సంతకం. పడలేదా, కామాకు తోక లేదని ఫైలు మొహాన కొడతాడు.

అందుకే ఆ ఆఫీసులో గుమాస్తాలు రూల్సు పుస్తకం మూసేసి సముద్రాన్ని చదువుకుంటారు.

మార్చి వచ్చింది. బదిలీల జాబితా తయారవుతోందని పొక్కింది. ఐదేళ్లు నిండినవాళ్లంతా కదలాల్సిందే. ప్రేమ్‌రాజ్‌కు ఏడు నిండాయి. అతని భార్య స్వరూప జహనుమాలో ఒక బడిలో టీచరు.

"ఏ ఊరికి ఏస్తే ఆ ఊరికి ఒక్కడివే పో. నా కొలువు ఇడిసిపెట్టి నేనైతే రాను," అని తేల్చేసింది స్వరూప. "ముందుగాల అన్నం వండుడు నేర్సుకో."

ప్రేమ్‌రాజ్‌కు టీ కాచడం కూడా రాదు. తనను ఇక్కడే ఉంచమని రెండు పేజీల అర్జీ రాసుకుని, మంచి సోమవారం కోసం కాచుకుని కూర్చున్నాడు.

పక్క సీటు ఆగయ్య మాత్రం ఆగలేదు. ఒక చెడ్డ సోమవారం పోయి, కాశీయాత్రకు సెలవు అడిగాడు.

"ఆడ గాలానికి నాచు, ఈడ పానానికి నువ్వు!" అని సారు సెలవు చీటీ నాలుగు ముక్కలు చేశాడు.

ప్రేమ్‌రాజ్ అంత అమాయకుడు కాదు. అలల లెక్కలు చెప్పే యాప్ ఒకటి ఫోన్లో పెట్టుకుని వారంలోనే పండితుడయ్యాడు. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోయింది కాబట్టి నీళ్లు వెచ్చబడ్డాయి, చేప ఒడ్డు దగ్గరికి వస్తుంది. పొద్దున నేల మీది నుంచి గాలి వీస్తే అల అణుగుతుంది. తొమ్మిది దాటితే గాలి సముద్రం వైపు నుంచి తిరుగుతుంది, నీళ్లు మడ్డిగా మారతాయి. పోటు ఎక్కే వేళ ఇసుక దిబ్బకూ ఒడ్డుకూ నడుమనున్న పల్లంలో ఎర పడాలి. ఇవన్నీ ఒక్కొక్కటిగా సారు చెవిన వేశాడు.

సారు నోరు తెరిచాడు. "గివన్నీ నీకెట్ల ఎరుకనయ్యా?"

"చిన్నప్పటి సంది సముద్రమంటే పానం సార్. కండ్లు మూస్తే అలలే."

"మరి గీ ఉప్పుగూడల ఎట్లుంటున్నవయ్యా?"

ప్రేమ్‌రాజ్ ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "ఏం జేద్దం సార్. తలరాత."

అబద్ధం ఆడితే గోడ కట్టినట్టు ఉండాలని పెద్దలు ఊరికే అనలేదు. సారు కళ్లు చెమర్చాయి. ఆ రోజు నుంచి పదకొండు కొట్టగానే ప్రేమ్‌రాజ్‌ను పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి టీ తాగించేవాడు. తక్కిన గుమాస్తాలకు కడుపులో పొయ్యి రాజుకుంది.

మంగళవారం జాబితా అన్నారు. అంటే మిగిలింది ఒక్క ఆదివారం. సరిగ్గా శుక్రవారం నాడు ఫోను బాంబు పేల్చింది: ఆదివారం మనిషెత్తు అలలు.

ప్రేమ్‌రాజ్‌కు ఇరకాటం వచ్చి పడింది. సారును ఆపితే ఈ సోమవారం చప్పగా పోతుంది. పంపితే ఏమవుతుందో దేవుడికే తెలియాలి. గాలి లెక్కలు మళ్లీ మళ్లీ చూసుకున్నాడు.

"ఐదు నుంచి ఏడు దాకనే సార్," అన్నాడు చివరికి. "గా రెండు గంటలు అల అణుగుతది. తర్వాత ఒక్క నిమిషం గూడ నిలవడొద్దు."

శనివారం మైసమ్మ గుడికి పోయి బంగాళాఖాతం పేరు మీద కొబ్బరికాయ కొట్టించాడు. పూజారి గోత్రం అడిగితే నీళ్లు నమిలాడు.

"నీకు దిమాక్ ఖరాబైంది," అంది పక్కనే నిలబడ్డ స్వరూప.

ఆదివారం పొద్దున ఏడున్నరకు ఫోను మోగింది. వెనక హోరు. "ప్రేమ్‌రాజ్! ఏడు కిలోల పండుగప్ప చేపనయ్యా! నువ్వు చెప్పినట్టే, అచ్చం గా పల్లంల!" సారు గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు.

సోమవారం ప్రేమ్‌రాజ్ అర్జీ పట్టుకుని లోపలికి పోయాడు. సారు మొదటి పేజీ కూడా తిప్పలేదు.

"గిది చదువుడెందుకయ్యా? నీ మనసుల ఏమున్నదో నాకు తెల్వదా?" అని, పైన మంజూరు అని రాసి బర్రున సంతకం గీకాడు. లేచి వచ్చి భుజం కూడా తట్టాడు.

ప్రేమ్‌రాజ్ ఆఫీసంతటికీ జిలేబి పంచాడు. ఆగయ్యకు రెండు ఎక్కువ పెట్టి, "తెలివి ఉండాలె అన్నా," అని నీతి కూడా చెప్పాడు. ఇంటికి పోయి స్వరూప ముందు మీసం తిప్పాడు.

మంగళవారం జాబితా గోడకెక్కింది. అందరూ ఎగబడ్డారు. ప్రేమ్‌రాజ్ మాత్రం కాలు మీద కాలు వేసుకుని సీట్లోంచి కదలలేదు.

"జర గట్టిగ చదువు అన్నా, అందరు వినని," అన్నాడు ఆగయ్యతో.

ఆగయ్య కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, జన్మలో ఎన్నడూ లేనంత తీయగా చదివాడు:

"'సముద్రానికి దూరంగా ఉండలేనన్న ఉద్యోగి ప్రేమ్‌రాజ్ సొంత అర్జీని మన్నించి, దారిఖర్చులు ఇవ్వకుండా, అతన్ని బాపట్ల బ్రాంచికి శాశ్వతంగా బదిలీ చేయడమైనది.'"