నున్నటి చెంప

“దొంగ ఇల్లు ఎట్లుంటదో చూద్దామని వచ్చినవా అక్కా?”

గుమ్మంలో నిలబడి వీరేందర్ అడిగాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటేనే బాగుండేదని షారోన్‌కు అనిపించింది.

“నువ్వే కద, వచ్చి చూడుమని మెసేజ్ పెట్టినవ్,” అంది తల వంచుకుని.

“వీడియో పెట్టకముందు వచ్చి చూస్తే బాగుండు. పెట్టినంక వచ్చినవ్.”

ఆన్‌లైన్ మోసాలను బయటపెడుతూ వీడియోలు చేయడం షారోన్ పని. బ్లేడు లేకుండా వెలుగుతోనే గడ్డం తీసే మిషన్ తయారుచేస్తామని ఊరించి, చందాలు పోగేసుకుని మాయమైన వాళ్లను చాలామందినే చూసింది. ఘనపూర్ పక్క తండాలో ఒక కుర్రాడు కూడా అలాంటి మిషన్లే చేసిస్తానని చందాలు అడుగుతున్నాడని తెలిసి, భూపాలపల్లిలోని తన గదిలోంచి కదలకుండానే, ‘ఇదీ అదే మోసం, పైసా ఇవ్వకండి’ అని చెప్పేసింది. ఆ వీడియో బొగ్గుగని క్వార్టర్లన్నీ చుట్టేసింది. చందాలు ఆగిపోయాయి. వీరేందర్ ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే కరెంటు ప్లాంటులో తోటివాళ్లు అతన్ని గడ్డం దొంగ అని పిలవడం మొదలుపెట్టారు.

“లోపలికి రా అక్కా. మా బాపును చూద్దువు.”

హీర్యా మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నా వణుకుతూనే ఉన్నాయి. తల కూడా సన్నగా ఊగుతోంది. ముఖం మాత్రం నున్నగా మెరుస్తోంది. అతని భార్య జమ్లీ షారోన్‌కు కుర్చీ వేసి, గోడకు ఆనుకుని నిలబడింది.

“సొంతంగ గీసుకోరాదు. కటింగ్ దుకాణంకు తీస్కపోతే తల నిలువది, తెగుతది. మా బాపు భయపడి పోవుడే బంద్ వెట్టిండు. గందుకే చేసిన గిది,” అంటూ వీరేందర్ మిషన్ తెచ్చి చూపించాడు. పాత హెల్మెట్‌ను కోసి చేశాడు. లోపల గడ్డం దగ్గర వరసగా చిన్న చిన్న లైట్లు. “పొద్దుగాల తొడిగి, స్విచ్చేసి డ్యూటీకి పోత. కొంచెంసేపు అయినంక అదే బందయితది. వెలుగు పడ్డ వెంట్రుకలు మెల్లగ రాలిపోతయ్. నేను పొద్దుమీకి వచ్చేసరికి గిట్ల నున్నగుంటడు.”

“మిషన్ మంచిగున్నదా బాపూ?” అని అడిగింది షారోన్.

హీర్యా కొడుకు వైపు చూశాడు. “మావోడు చేసిండు బిడ్డా. మంచిగనే ఉంటది.”

“తాకి చూడొచ్చా?”

ముసలాయన చెంప ముందుకు పెట్టాడు. ఆమె వేళ్లకు ఒక్క వెంట్రుక మోడు కూడా తగల్లేదు.

రేపు పొద్దున దాకా ఉండి మిషన్ పనిచేయడం కళ్లారా చూస్తానని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకెవరి విషయంలోనైనా అడిగేదే. కానీ ఒకసారి అనుమానించి చేసింది చాలు. వణికే తండ్రి కోసం ఇంత తపన పడ్డ పిల్లవాడిని, వాడి ఇంట్లోనే కూర్చుని మళ్లీ అనుమానించడానికి నోరు రాలేదు.

ఫోన్ తీసింది. హీర్యా పక్కన మంచం మీద కూర్చుని రికార్డింగ్ నొక్కింది.

“నేను తప్పు చేసిన. చూడకుండ, ఒక్క ఫోన్ గూడ చెయ్యకుండ, ఒక మంచి పిలగాణ్ని దొంగ అన్న. ఈ మిషన్ నిజం. నా చేతులతోని తాకి చూసిన. మీ ఇండ్లల్ల చేతులు వణికే పెద్దమనుషులుంటే ఈ తమ్మునికి సాయం చెయ్యిండ్రి. వీరేందర్, నన్ను మాఫ్ చెయ్యి.”

పాత వీడియో తీసేసి, కొత్తది పెట్టింది.

కాసేపటికే షారోన్ ఫోన్ మోగడం మొదలైంది. ‘మా నాయినకు పక్షవాతం, మాకొకటి కావాలె’ అని ఒకరు. ‘మా తాతకు ఎప్పుడు దొరుకుతది?’ అని ఇంకొకరు. వీరేందర్ తన ఫోన్ చూసుకుని చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

“మళ్ల చందాలు వస్తున్నయక్కా! యాడీ, చూసినవా?” అంటూ తల్లిని ఊపేశాడు. కళ్లు తుడుచుకుని షారోన్ చేతులు పట్టుకున్నాడు. “నువ్వు ఏడికి పోకు. ఘనపూర్‌కు పోయి మిఠాయి తెస్త. తినే పోవాలె.”

బండి స్టార్ట్ అయింది. ఆ వీడియో పెట్టిన రోజు నుంచి గుండె మీద ఉన్న బరువు దిగిపోయినట్టు షారోన్ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

బండి చప్పుడు దూరమయ్యేదాకా భార్యాభర్తలిద్దరూ గుమ్మం వైపే చూస్తూ ఉన్నారు.

“బిడ్డా, గిప్పుడు పెట్టిన వీడియో తీసెయ్యరాదు?” అన్నాడు హీర్యా మెల్లగా.

“ఎందుకు బాపూ? మీ కొడుకు పేరు నిలవడ్డది కద!”

హీర్యా తల దించుకున్నాడు. షారోన్ చేతిలో ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. జమ్లీ దగ్గరకు వచ్చి, ఆమె ముందు నేల మీద కూర్చుంది.

“పాపం, వానికి తెల్వది బిడ్డా. వాడు డ్యూటీకి పోంగనే ఆ మిషన్ తీసేసి, ఈయన తల నా ఒళ్లె పెట్టుకొని, దినాం నేనే గీస్త.”