వినాల్సిందే

హోటళ్ల పొగగొట్టాల్లోంచి వచ్చే ఆవిరిని చూసి పన్ను శాఖ యంత్రం ఇడ్లీలు లెక్కగట్టే రోజులవి. తణుకులో వీరవేణి నడిపే హోటల్ లెక్కల్లో చూపని వ్యాపారం చేస్తోందని అది తేల్చింది. ఆ క్షణమే షట్టర్ దానంతటదే మూసుకుంది. ఆ ఆవిరి మంచాన పడ్డ భర్త కోసం కాచిన వేడినీళ్లదని చెబుదామంటే వినే మనిషే లేడు.

ఏడాది తర్వాత హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. "ఆమె మాట ఎవరూ వినలేదు. యంత్రం తేల్చినదాని కింద సంతకం చేసిన అధికారి స్వయంగా వెళ్లి వినాలి. చాలని ఆమె అనేదాకా లేవకూడదు" అంది. వీరవేణి కోర్టును అడిగింది కూడా అదొక్కటే.

అధికారి ఫణీంద్ర ఉదయమే వచ్చి హోటల్ బల్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నానికి చెమటలు తుడుచుకుంటూ చేతులు జోడించాడు.

"అర్థమైందమ్మా. తప్పు మాదే. ఇక వెళ్తాను."

"అప్పుడేనాండీ? మీ యంత్రం అసలు విననేలేదు, మీరేమో పూటకే అలిసిపోయారు. ఎలాగండీ ఇలాగైతే?" వీరవేణి అతని ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టింది. "ఇప్పటిదాకా కొట్టు మూతపడ్డ రోజు సంగతే చెప్పానండి. మందుల్లేక మా ఆయన పోయిన రోజు ఇంకా రాలేదు. కూర్చోండి."