చెట్టుకు కట్టు

పట్నం సిమెంటు కంపెనీ కొండను దత్తత తీసుకుని పోడు పొలాల నిండా అడవి పెంచాక, ప్రతి చెట్టుకూ ఒక ఇనుప డేగను కాపలా పెట్టింది. చెట్టు మీద గొడ్డలి వేసిన చేతిని అది విరిచేస్తుంది. ఊళ్లో ఇప్పటికే అయిదుగురు ఒంటిచేత్తో అన్నం తింటున్నారు.

ఆ పొద్దున గాలికి ఒరిగిన మద్దిచెట్టు కొమ్మ కింద వెండమ్మ కూతురు సీతాలు కాలు ఇరుక్కుని నలిగిపోయింది. వెండమ్మ భర్త బూసిరెడ్డి గొడ్డలి తెచ్చాడు. కొండరెడ్ల అలవాటు చొప్పున ముందు చెట్టుకు దణ్ణం పెట్టాడు.

"తల్లీ, నిన్ను కొడతన్నాను. తప్పు కాయి."

"దణ్ణాలెందుకయ్యా ఇప్పుడు! పిల్ల సచ్చిపోతంది, కొట్టు!" అని వెండమ్మ అరిచింది.

రెండో దెబ్బకే డేగ వచ్చి పడింది. బూసిరెడ్డి మణికట్టు ఎండు వెదురులా పెళ్లున విరిగింది. నెత్తుట్లో గిలగిల్లాడుతున్న మనిషిని వదిలేసి, డేగ చెట్టు గాటుకు మెత్తగా మందు రాసి, తెల్లటి గుడ్డతో కట్టు కట్టసాగింది.

కట్టు కడుతున్నంతసేపూ అది చేతికందే ఎత్తులోనే ఉంటుందని వెండమ్మకు అప్పుడు తట్టింది. గొడ్డలి అందుకుని దాని మెడ మీద వేసింది. రెక్కలు ఊడి నూనె చిమ్మేదాకా నరికింది.

చుట్టుపక్కల చెట్ల మీద డేగలు లేస్తున్న చప్పుడు వినిపించింది. అయినా వెండమ్మ ఆగి, చెట్టుకు దణ్ణం పెట్టి, "తప్పు కాయి తల్లీ" అని కొమ్మ నరికి కూతుర్ని బయటికి లాగింది.

తర్వాత గొడ్డలి ఎత్తి డేగలకు ఎదురు నిలబడింది. వాటికి మాత్రం దణ్ణం పెట్టలేదు.