తెర వెనక నుంచి అందిన పద్యం

షావుకారు పెట్రోమాక్సు లైటు ఇచ్చినందుకే బడి నాటకంలో రాజు వేషం ఆయన కొడుక్కి దక్కిందని పక్కింటి ఆదిలక్ష్మమ్మ ఉదయగిరంతా చెబుతోందట. భార్య ఆ మాట చెప్పినప్పుడు నాటకం ఆడిస్తున్న పెంచలనరసింహం అయ్యవారు తలెత్తలేదు. ముందు ఆ వేషం చేపలు పట్టే వెంగమ్మ కొడుకు శీనయ్యది. వేషం లాగేసుకున్నా, వాడు తెర వెనక నిలబడి పద్యాలు అందించేవాడు. పోయిన వారం జ్వరమొచ్చి చచ్చిపోయాడు.

ఆ సాయంత్రం రిహార్సల్లో రాజు వేషంలో ఉన్న షావుకారు కొడుకు పద్యం మధ్యలో ఆగిపోయాడు. లైటు బుస తప్ప చప్పుడు లేదు. తెర వెనక నుంచి మిగతా పాదం మెల్లగా వినిపించింది. రాజు అందుకుని పాడేశాడు. పిల్లలెవరూ బెదరలేదు.

అయ్యవారు తెర ఎత్తి చూస్తే అక్కడ ఎవరూ లేరు.

"ఎవర్రా అందించింది?"

"శీనయ్యే. రోజూ అందిస్తానే ఉండాడు," అన్నాడు షావుకారు కొడుకు.

అయ్యవారు తెర ఎత్తి పట్టుకున్నాడు. "ముందుకు రమ్మను," అన్నాడు.

పిల్లవాడు కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వస్తే వాడి వేషం వాడికి ఇస్తారా అయ్యోరా?"