నూతినీళ్ళ రుచి

"అమ్మా, కాసిని నూతినీళ్ళు పొయ్యండి."

గేటు దగ్గర మళ్ళీ ఆ ముసలాయనే. మాసిన పంచె, చెప్పుల్లేని కాళ్ళు. ఏ ఊరివాడో ఎవరికీ తెలీదు.

సూర్యావతి చెంబు వంచింది. ఆయన దోసిలి పట్టి ఒక గుక్క పుచ్చుకుని, వెంటనే మింగకుండా కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకా తియ్యగానే ఉన్నాయి. చెరువు తవ్వనివ్వకండమ్మా."

ఆ 'ఇంకా' అన్న మాటకి సూర్యావతి నూతికేసి తిరిగి చూసింది.

ఆ నూతి చలవతోనే పెరడంతా పచ్చగా ఉంది. అరటి, కరివేపాకు, ఈ ఏడే తొలి గెల వేసిన కొబ్బరిచెట్లు. బిడ్డల్లా పెంచుకుంది వాటిని.

పెరటి వెనక తమ వరిచేలో పొక్లెయిను మట్టి తోడుతూనే ఉంది. జనానికి రొయ్యల సాగు జ్వరం పట్టిన రోజులవి. ఊళ్ళో ఎవరిని కదిపినా చెరువుల మాటే.

"ఏవండీ, ఆయనెవరో చెరువు వద్దంటున్నాడండి," అంది భర్తతో.

శ్రీనివాసరాజు నవ్వేశాడు.

"అడుక్కునేవాడి మాట విని పని ఆపుతామేంటి? సముద్రం వైపు భీమరాజుగారు లేరా? అందరికంటే ముందు చెరువు తవ్వి మేడ కట్టారు. ఆయన్ని కళ్ళతో చూడలేదు గానీ, నాకు గురువంటే ఆయనే."

"మరి మన మొక్కలో?"

"మొక్కకి ఏం కావాలి? ఎండ, ఎరువు, నీళ్ళు. అన్నీ ఉన్నాయిగా."

మర్నాడు ముసలాయన వచ్చేసరికి శ్రీనివాసరాజే గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"నీళ్ళు తాగి దిష్టి పెట్టి పోతున్నావా? ఇంకోసారి ఈ ఛాయలకొస్తే ఊరుకోను."

ముసలాయన చెట్లకేసి ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. పాడె మీద మనిషిని చూసే చూపది. సూర్యావతికి భయమేసింది.

చెరువు పూర్తయింది. ఇంజన్లు పెట్టి సముద్రపు పోటెక్కే ఏటినుంచి ఉప్పునీళ్ళు నింపారు.

ముందు కరివేపాకు అంచులు మాడాయి. తర్వాత అరటాకులు. ఆపైన కొబ్బరిపిందెలు రాలాయి. సూర్యావతి ఎరువు వేసింది, ఇంకా ఇంకా నీళ్ళు పోసింది. పోసినకొద్దీ మాడాయి.

ఒకరోజు కాఫీకని నీళ్ళు కలిపిన పాలు విరిగిపోయాయి. నూతినీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"భీమరాజుగారిని అడుగుదాం. ఆయనకి తెలియకుండా ఉండదు," అన్నాడు శ్రీనివాసరాజు. గొంతులో మునుపటి ధీమా లేదు.

ఇద్దరూ భీమవరంలో బస్సు మారి వెళ్ళారు. పోనుపోను కిటికీ బయట పచ్చదనం తగ్గిపోయింది. మేడ కనిపించింది. చుట్టూ తెల్లగా పొక్కిన నేల, తలల్లేని కొబ్బరిమొద్దులు.

మేడ ముందు ట్యాంకరు దగ్గర ఒక పెద్దావిడ బిందె పట్టుకుంటోంది.

"భీమరాజుగారున్నారా అండి?"

"మావారు ఇంటిపట్టున ఎక్కడుంటారండి," అందావిడ. "చెరువు తవ్వాక మా నుయ్యి పాడైంది. ఊరి నూతులన్నీ పాడయ్యాయి. అప్పట్నించీ చెప్పుల్లేకుండా ఊళ్ళు తిరుగుతున్నారు. ఎక్కడ కొత్తగా చెరువు తవ్వుతుంటే అక్కడికెళ్ళి, గేటు దగ్గర నిలబడి, కాసిని నూతినీళ్ళు అడుగుతారండి."