రేపు రండి

"ఇది చూడు నాన్నా" అంది కూతురు, ఫోన్ తెచ్చి కత్తెర పక్కన నిలబెట్టి.

"బొమ్మల సినిమానా? నేనేం పాలు తాగే పిల్లాణ్ణా?" అన్నాడు టైలర్, బట్ట మీద సుద్దగీత గీస్తూ.

"పిల్లలది కాదు, జపాన్ తరహా యానిమే. బట్టలు డిజైన్ చేసే ఒక అబ్బాయి, అమ్మాయి ప్రేమకథ. ఎంత స్టైలుగా ఉంటుందో అంత నిజంగానూ ఉంటుంది. అచ్చం మన కొట్లో జరిగినట్టే. రోజుకొక్క భాగం చూడు చాలు. పన్నెండే."

ఆ కథ రాసింది తనేనని ఆమె చెప్పలేదు. వేరే పేరుతో రాసింది. "కథలు కూడు పెట్టవు, గుండీలకు కాజాలు కుట్టుకో" అని పదేళ్ల కిందట తండ్రి అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ఇప్పుడు ఆ యానిమే తీసిన కంపెనీ రెండో కథ అడుగుతోంది. వచ్చే వారం శనివారంలోగా సంతకం పెట్టాలి. పెడితే కొట్టు మానేయాలి. ఎవరు రాశారో తెలియకుండా తండ్రి ఒక్కసారి "బాగుంది" అంటే చాలు, పెట్టేస్తుంది.

ఆ ఒక్క మాటే ఆయన నోట్లోంచి రాలడం లేదు.

మధ్యాహ్నం మిషన్లు ఆగాక రోజూ చూపించింది. మొదటిరోజు, "ఆ పిల్ల కత్తెర పట్టుకోవడం చూడు, గరిటె పట్టుకున్నట్టు" అన్నాడు. రెండోరోజు, "ఆ చంక కుట్టు రెండు ఉతుకులకు పిగిలిపోతుంది" అన్నాడు. మూడోరోజు ఆవలిస్తూ అన్నాడు:

"వీడు దాన్ని బస్సెక్కించి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా పోతాడు. చూస్తూ ఉండు."

ఆ సంగతి తొమ్మిదో భాగంలో ఉంది. ఆమె ముఖం మాడిపోయింది. ముందే తెలిసిపోయేంత చప్పగా రాశానా?

ఐదో భాగంలో ఒక ముసలి టైలర్ వచ్చి, "బట్ట అబద్ధమాడదు, కుట్టేవాడే ఆడతాడు" అంటాడు. అది తండ్రి రోజూ అనే మాటే. అక్కడైనా పట్టుకుంటాడని ఆమె ఊపిరి బిగబట్టింది. ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, "నల్లదారం అయిపోయిందేమో చూడు" అన్నాడు.

గోడకు చెప్పుకున్నా బదులొచ్చేది.

ఆ మంట చాలదన్నట్టు గిరాకీల గోల. పళ్లడాక్టరు కోటు నాలుగు రోజులుగా ఇస్త్రీతో సహా కొక్కేనికి వేలాడుతోంది. ఆయన వచ్చినప్పుడల్లా తండ్రి "రేపు రండి" అని పంపేస్తున్నాడు. ఆయన ఒక్కడికే కాదు, ఈ నెలంతా అందరికీ అదే పాట.

"అన్నీ తయారుగా ఉంటే రేపేంటి నాన్నా? టైలర్ల పరువు తీయడానికా?"

"టైలర్లకు పరువెక్కడిదే? ఇంకా కాస్త పనుంది."

"కోటుకా?"

"నీ కాజాలు చూసుకో."

శనివారం పన్నెండో భాగం ముగిసింది. ఆమె తండ్రి ముఖంలోకి చూసింది.

"ఎలా ఉంది?"

"అయిపోయిందిగా" అని లేచి, గుండీలు తెస్తానంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి ఆమెకు. 'ఈ పని నావల్ల కాదు, క్షమించండి' అని కంపెనీకి మెసేజ్ టైపు చేసింది. పంపబోతుండగా పళ్లడాక్టరు తలుపు తోసుకుని వచ్చాడు.

"మీ నాన్నగారు లేరు కదా? బతికాను. కోటు ఇచ్చేయమ్మా, రేపు పెళ్లికి వెళ్లాలి."

"ఇంకా పనుందన్నారండీ నాన్న."

"పని కోటుకు కాదమ్మా, నాకు! పన్నెండో భాగం ఇందాకే ముగించి పరుగెత్తుకొచ్చాను."

"ఏ పన్నెండో భాగం?"

"'మా అమ్మాయి రాసింది, మొత్తం చూస్తేనే బట్టలిస్తా, కానీ అది తనంతట తాను చెప్పేదాకా నాకు తెలుసని దానితో అనొద్దు' అంటూ నెల రోజులుగా ఈ వీధిలో ఒక్కడికీ చొక్కా ముక్క ఇవ్వట్లేదు కదమ్మా మీ నాన్న!"